వడ్డించేవాడి సైన్యం

రోమ్ సైనికుడు అనగానే మా కాలేజీ పిల్లలకి గుడ్ ఫ్రైడే నాటకం గుర్తొస్తుంది. భుజాన ఎర్రగుడ్డ, అట్టముక్కకి వెండిరంగు కాగితం అంటించిన టోపీ, చేతిలో వెదురు బల్లెం. చర్చికి వెళ్ళని పిల్లలు కూడా ఆ నాటకం చూసినవాళ్ళే. పాలకొల్లు దగ్గరి డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. రోమ్ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ అట్ట టోపీని వాళ్ళ బుర్రల్లోంచి తీయడానికే ఒక పీరియడ్ పోతుంది. ఆ సైనికుడికీ ఇల్లుండేది, పెళ్ళాంపిల్లలుండేవాళ్ళు, ముసలితనంలో ఎక్కడ తలదాచుకోవాలన్న బెంగ ఉండేది, చివరికి ఆ బెంగే రిపబ్లిక్‌ని మింగేసింది అంటే గాని వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టరు.

మిగతా పాఠాలు చెబుతాను గాని, ఈ పాఠంతో మాత్రం పోట్లాడతాను. ఆ బెంగ మా ఇంట్లోనూ ఉంది మరి. మా నాన్న రిటైర్డ్ హవల్దారు.

మా తాత పాలేరు. ఒకే కామందు దగ్గర కుర్రతనంలో చేరి, అక్కడే ముసలివాడైపోయాడు. నాన్న పేటలోని లూథరన్ బడిలో చదువుకుని, మీసాలు సరిగా రాకముందే సైన్యంలో చేరాడు. ఎందుకు చేరావు నాన్నా అని చిన్నప్పుడు అడిగితే దేశం కోసం అంటాడనుకున్నాను. "రిటైరయ్యాక భూమిస్తారన్నారమ్మా" అన్నాడు. దేశం కోసమూ చేశాడు, లేదనను. మంచులో కాపలా కాసి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. కాని ముందు నోటికొచ్చిన మాట భూమే. మా వంశంలో సొంత గట్టు మీద నడిచినవాడు లేడు.

ఇంటికొచ్చాక మాజీ సైనికుల కోటాలో భూమికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ తహసీల్దారు ఆఫీసు నుంచి కలెక్టరాఫీసుకి, అక్కడి నుంచి మళ్ళీ ఇక్కడికి తిరుగుతూనే ఉంది. ఈలోగా ఆయన గోదావరి మధ్య మేటవేసిన లంకలో ఒక ప్రభుత్వ భూమి ముక్కని చదును చేసి అరటి వేశాడు. గెలలు పడవ మీద ఒడ్డుకి చేర్చి, అక్కణ్ణించి ఆటోలో రావులపాలెం మార్కెట్టుకి తోలతాడు. పంట ఆయనదే, చెమట ఆయనదే, పట్టా మాత్రం లేదు. ఎవరైనా వచ్చి లేవమంటే మారుమాట లేకుండా లేవాల్సిందే. ఆ ముక్క తన పేరున చూసుకోవాలన్నదే ఆయన కోరిక.

క్లాసులో నేను చెప్పేదీ ఇదే కథ. మొదట్లో రోమ్‌లో పొలమున్నవాడే సైనికుడు. యుద్ధానికి సొంత కత్తి తెచ్చుకునేవాడు, యుద్ధం అయిపోగానే కోతలకి ఇంటికొచ్చేసేవాడు. యుద్ధాలు దూరమయ్యాయి, ఏళ్ళ తరబడి సాగాయి. వచ్చి చూసుకునేసరికి పొలం పెద్ద కామందుల కమతంలో కలిసిపోయి ఉండేది. పొలమున్నవాళ్ళు తగ్గిపోతే ఒక సేనాని ఏమీ లేనివాళ్ళని సైన్యంలో చేర్చుకున్నాడు. వాళ్ళకి ఆస్తి లేదు, జనాభా లెక్కల్లో తలకాయ ఒక్కటే లెక్కకొచ్చేది. అలాంటివాడు బతికి బయటపడితే భూమెవరిస్తారు? సెనేట్ ఇవ్వనంది, సేనాని ఇప్పిస్తానన్నాడు. సైనికుడు రోమ్ ముఖం చూడటం మానేసి సేనాని ముఖం చూడటం మొదలుపెట్టాడు. ఒక రోజున అలాంటి ఇంకో సేనాని కత్తులు రోమ్ వైపే తిప్పమంటే తిప్పాడు. అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ అతన్ని వదిలి వెళ్ళిపోయారట. మామూలు సైనికులు వదల్లేదు.

పిల్లలు దీన్ని పరీక్ష కోసం రాసుకుంటారు. నాకు మాత్రం ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఏడాది ఆ పాఠం సగంలో ఉండగా మా ఇంటికి మండలంలోని పెద్దాయన వచ్చాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు. పదవి ఉన్నా లేకపోయినా పనులు ఆయన చేతుల మీదుగానే అవుతాయి. పింఛనన్నా, ఇంటి స్థలమన్నా, పెద్దాసుపత్రిలో మంచమన్నా ఆయన ఒక ఫోన్ కొట్టాలి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేస్తే దానిలోనే కూర్చుని "హవల్దారు గారూ" అన్నాడు. ఆయన తండ్రి మా తాతని ఒరేయ్ అని తప్ప పిలిచి ఎరగడు. కొడుకు నోటి నుంచి గారు వచ్చిందంటే ఏదో పెద్ద పనే ఉందనుకున్నాను.

ఉంది. నెలాఖరున సహకార సంఘం సర్వసభ్య సమావేశం. ఎరువులు, పంట అప్పులు అన్నీ ఆ సంఘం నుంచే రావాలి. ఈసారి అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకుంటారు. ఇన్నేళ్ళూ పెద్దాయనే అధ్యక్షుడు. ఈసారి చిన్న రైతులు, లంకల్లో చేసుకునేవాళ్ళు కలిసి వేరే మనిషిని నిలబెడుతున్నారు.

"గొడవలైపోతాయని భయంగా ఉందండి" అన్నాడాయన. "మీ మాజీ సైనికులంతా మెడల్స్ పెట్టుకుని గేటు దగ్గర వరసగా నిలబడండి, చాలు. ఎవర్ని లోపలికి పంపాలో మా వాళ్ళు చెప్తారు. మా కుర్రాళ్ళే నిలబడితే ఎవడో ఒకడు ఫోన్లో వీడియో తీస్తాడండి. మీరు నిలబడితే గౌరవంగా ఉంటుంది."

పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మీ ముక్కకి పట్టా ఇప్పిస్తానండి. అదొక్కటే కాదు, మీ గట్టు అవతలి పై లంక కూడా మీ సైనికులందరికీ పంచిపెట్టిస్తాను. పూచీ నాది."

కాఫీ తాగి, గ్లాసు తనే కింద పెట్టి, అమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళాడు. అలాంటి మర్యాద నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాం. అమ్మ కోడికూర వడ్డిస్తూ, "ఎళ్ళండి, ఏమవుద్ది? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు. మనం పుట్టినకాణ్ణుంచీ కడబంతిలోనే ఉన్నాం" అంది. అమ్మ తప్పు చెప్పలేదు. ఆ సామెత మా పేటకి కూడుపెట్టిన సామెత.

"వెళ్తావా నాన్నా?" అన్నాను.

"నిలబడటమేగా అమ్మా. నిలబడటం నాకు కొత్తా?"

"ఎవరి కోసం నిలబడుతున్నావన్నది కొత్తే."

"ఇదిగో, మొదలెట్టింది మేడం గారు" అంది అమ్మ.

నేను ఊరుకునే రకం కాదు. చల్లారిపోతున్న అన్నం వదిలేసి రోమ్ పాఠమంతా అక్కడే చెప్పేశాను. సేనాని, భూమి, సెనేట్, కత్తులు వెనక్కి తిరగడం, అన్నీ. నాన్న ముక్క కొరుకుతూ శ్రద్ధగానే విన్నాడు. అయ్యాక నీళ్ళు తాగి అడిగాడు.

"మీ సెనేట్ వాళ్ళు ముందే భూమిచ్చుంటే ఆ సైనికులు అతగాడి వెనకాల ఎళ్ళేవాళ్ళా?"

"ఎళ్ళేవాళ్ళు కాదు."

"మరి తప్పెవరిది?"

"సెనేట్‌దే."

"మరైతే నన్ను తిడతావేంటి? ఎళ్ళి దాన్ని తిట్టు."

అమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. కోపమొచ్చింది, ఆయన మీద కాదు. ఆయనన్నది నిజం. అర్జీకి అంతకాలం జవాబు చెప్పనివాళ్ళని ఒక్కమాట అనకుండా, రోజూ కళ్ళముందు కనబడుతున్నాడని నాన్ననే పట్టుకున్నాను.

"సరే, దాన్నే తిడతాను" అన్నాను. "సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నేనెళ్తాను. కాని నువ్వొక సంగతి చెప్పు. ఆ సైనికులకి తరవాత పంచిన భూములు ఆకాశంలోంచి ఊడిపడలేదు నాన్నా. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి, వాళ్ళలాంటి చిన్న రైతుల్నే తరిమేసి ఇచ్చారు. మన పై లంక ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

నాన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది. పై లంక ఎవరు చేస్తున్నారో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఆయన గట్టు అవతలే ఒక పిన్ని కూరగాయలు వేస్తుంది. మాకు చుట్టమేమీ కాదు, నేను అలా పిలుస్తాను. మొగుడు పోయాక పిల్లల్ని ఆ ఇసక మీదే పెంచింది. నాన్న అరటికి నీళ్ళు ఆవిడ ఇంజిన్ నుంచే వస్తాయి. పెద్దాయనకి ఎదురు నిలబడినవాళ్ళలో ఆవిడా ఉంది.

"ఆ సంగతి తరవాత చూద్దాం" అని నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నేను మాట తప్పలేదు. సెలవు పెట్టి సోమవారం పొద్దున్నే బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళాను. టోకెన్ తీసుకుని, చంటిపిల్లల తల్లుల మధ్య, చేతికర్రల తాతల మధ్య కూర్చున్నాను. నా వంతు వచ్చాక, "ఇది తహసీల్దారు గారి పరిధిలోదండి" అన్నారు. తహసీల్దారు ఆఫీసులో, "పైనుంచి రావాలండి" అన్నారు. పై వారం మళ్ళీ వెళ్ళాను. నన్ను చూడగానే ఆ ఉద్యోగి, "మళ్ళీ వచ్చారేంటండి" అన్నాడు. "పని మళ్ళీ అవలేదు కదండి, అందుకని" అన్నాను. వాళ్ళు విసుక్కునేకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. పిల్లలకి సెనేట్ గురించి ఇన్నేళ్ళు చెప్పినదాన్ని, సెనేట్ వరండాలో కూర్చోవడం నేర్చుకోకపోతే ఎలా?

కాని నెలాఖరు వచ్చేసింది. నేను తెస్తానన్న జవాబు రాలేదు.

సమావేశం రోజు పొద్దున నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మెడల్స్ గుడ్డతో తుడిచి గుండె మీద వరసగా గుచ్చుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను. ఆపుదామని నోటిదాకా వచ్చింది, ఆపలేదు. చేతిలో ఏదైనా తెచ్చి పెట్టుంటే ఆపే హక్కు ఉండేది. ఆయన వెళ్ళిన కాసేపటికి స్కూటీ తీసి వెనకాలే వెళ్ళాను.

సంఘం ఆఫీసు గేటు దగ్గర మాజీ సైనికులంతా చేరి ఉన్నారు. పొట్టలు వచ్చినవాళ్ళు, జుట్టుకి రంగేసుకున్నవాళ్ళు, మా నాన్నలాగా కాలీడ్చేవాళ్ళు. పెద్దాయన అనుచరుడొకడు వాళ్ళని వరసలో పెట్టాలని తంటాలు పడుతున్నాడు. "అటెన్షన్, అటెన్షన్" అంటూ బళ్ళో డ్రిల్లు మాస్టారిలా చేతులూపుతున్నాడు. వీళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నవ్వుతున్నారే గాని ఒక్కడూ కదల్లేదు. మెట్ల మీంచి చూస్తున్న పెద్దాయనకి విసుగొచ్చింది.

"వాడి వల్ల కాదు గానీ, మీరే చెప్పండి హవల్దారు గారూ" అన్నాడు.

ఆయన చేసిన పొరపాటు అదే. ఎన్నికలు, కాంట్రాక్టులు, పంచాయితీలు అన్నీ తెలిసిన మనిషికి ఆజ్ఞ ఎవరి నోటి నుంచి వస్తుందో దళం వాళ్ళదవుతుందన్న చిన్న సంగతి తెలియలేదు. కూలికి మనుషుల్ని మాట్లాడినట్టే దీన్నీ మేస్త్రీకి అప్పగించాననుకున్నాడు.

నాన్న ముందుకొచ్చి నిలబడి, "సావ్‌ధాన్" అన్నాడు.

ఆ గొంతు మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు. అప్పటిదాకా వంగిపోయి, వాలిపోయి ఉన్న ఆ ముసలివాళ్ళ నడుములు ఒక్కసారిగా నిటారయ్యాయి. మడమలు కలిసి చప్పుడైంది. ఎందుకు, ఎవరి కోసం అని ఎవరూ అడగలేదు. బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు విన్నాయి. నాకు భయమేసింది. ఏళ్ళ తరబడి రోమ్ సైన్యం గురించి పాఠం చెప్పాను గాని, దాని బలం ఎక్కడుందో ఆ క్షణం దాకా నాకు తెలియదు.

సభ్యులు రావడం మొదలైంది. అనుచరుడు నాన్న పక్కన నిలబడి, వీణ్ణి పంపండి, వాణ్ణి వద్దు అని చెబుతున్నాడు. వద్దన్నవాళ్ళు ఆ మెడల్స్ చూసి మాట్లాడకుండా రోడ్డు అవతల నిలబడిపోయారు. అలా కొంతమంది ఆగిపోయాక పిన్ని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, సభ్యత్వం కార్డు గుప్పిట్లో పట్టుకుని, నేరుగా నాన్న ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, తప్పుకోండి. లోపలికెళ్ళాలి" అంది.

"ఆవిణ్ణి పంపకండి" అన్నాడు అనుచరుడు.

నాన్న ఆవిడ ముఖం చూడలేదు. సావ్‌ధాన్‌లో ఉన్న సైనికుడు ఎదురుగా మాత్రమే చూడాలి, అలాగే ఎక్కడికో చూస్తున్నాడు. ఇంటికెళ్ళిపోదామనుకున్నాను. ఆయన ఆ పట్టా కోసం జీవితమంతా ఎదురు చూశాడు. అడ్డుగా ఉన్నది ఒక్క ఆడమనిషి. నేనే ఆయన చోట ఉంటే ఏం చేసేదాన్నో ఇవాళ కూడా ఒట్టేసి చెప్పలేను.

"ఏంటండీ ఆలస్యం?" అని మెట్ల మీంచి పెద్దాయన అరిచాడు.

నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "లైన్ తోడ్" అన్నాడు.

పరేడ్ అయిపోయింది, ఎవరి దారిన వాళ్ళు పొమ్మని దాని అర్థం. మా నాన్న చెప్పగా చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఆ వరసంతా ఒక్కసారిగా కుడివైపుకి తిరిగి, ఒక్కడుగు వేసి, విడిపోయింది. ఇందాక ఎలా ఎందుకని అడక్కుండా నిలబడ్డారో, ఇప్పుడూ ఎందుకని అడక్కుండానే విడిపోయారు. కొంతమంది టీ కొట్టు వైపు నడిచారు. సంఘంలో సభ్యులైనవాళ్ళు లోపలికి వెళ్ళారు. గేటు ఖాళీ అయిపోయింది, రోడ్డు అవతల ఆగిపోయినవాళ్ళు లోపలికి కదిలారు.

"ఇదేంటి హవల్దారు గారూ?" అన్నాడు పెద్దాయన.

"డ్యూటీ అయిపోయిందండి" అన్నాడు నాన్న. మెడల్స్ విప్పి జేబులో వేసుకుని, పిన్ని వెనకాలే లోపలికి వెళ్ళి, సభ్యుడిగా బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు పెద్దాయనే గెలిచాడు. కథ కోసం అబద్ధం చెప్పను. కాని చేతులు లెక్కపెట్టించుకుని గెలిచాడు, అది కూడా కొద్ది తేడాతో. ఆ సంఘంలో చేతులు లెక్కపెట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి.

వారం తిరక్కుండా లంకలో మా అరటి నరికేశారు. ఇంకా ముదరని గెలలు ఇసకలో పడి ఉన్నాయి. ఎవరు చేశారో చూసినవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు అంతకన్నా లేరు. అమ్మ గట్టు మీద కూర్చుని నోరారా తిట్టింది. నాకు ఏడుపొచ్చింది. అది దుఃఖం కాదు, ఒట్టి కోపం. దాన్నిప్పటికీ దాచుకోను. నాన్న ఒక్కొక్క మొద్దు దగ్గరా వంగి చూశాడు. "దుంపలు బాగానే ఉన్నాయి, పిలకలొస్తాయి" అని పార తెమ్మన్నాడు. పిన్ని అడక్కుండానే ఇంజిన్ స్టార్ట్ చేసి నీళ్ళు వదిలింది.

తోటి సైనికులు కొంతమంది నాన్నతో మాట్లాడటం మానేశారు. నోటి దగ్గరి కూడు తన్నేశావన్నారు. వాళ్ళకీ పొలాల్లేవు, వాళ్ళ తాతలూ పాలేర్లే. రాత్రిళ్ళు ఆయనకి సరిగా నిద్రపట్టేది కాదని అమ్మ చెప్పింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్న అడిగాడు, "రేపు నువ్వెళ్ళే బస్సు ఎన్నింటికమ్మా?"

"నువ్వెందుకు నాన్నా, మోకాళ్ళతో. నేను చూసుకుంటాగా."

"నువ్వొక్కదానివే తిడితే సరిపోయేలా లేదు. నేనూ వస్తాను" అన్నాడు.

సోమవారం బస్టాండుకి చేరేసరికి నాన్నతో మాట్లాడటం మానెయ్యని సైనికులు అక్కడున్నారు. పిన్ని కూడా టిఫిన్ డబ్బాతో వచ్చింది. ఒక్క మెడల్ కూడా లేదు, మామూలు చొక్కాలే. బస్సులో నిలబడే వెళ్ళాం. టోకెన్ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఈసారి మమ్మల్ని పంపిన సెక్షన్‌లో కొత్తగా చేరినట్టున్న కుర్ర ఉద్యోగి ఉన్నాడు. చాలా మర్యాదస్తుడు. నాన్న అర్జీ నెంబరు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు, పేజీలు వెనక్కి వెనక్కి తిప్పాడు. అన్నేళ్ళనాటిదని చూసి తల గోక్కున్నాడు. తరవాత గొంతు తగ్గించి, మా మంచి కోరేవాడిలా అడిగాడు.

"ఇంతకీ మీరు ఎవరి తాలూకండి?"

మా వైపు ఏ ఆఫీసుకెళ్ళినా పేరుకన్నా ముందు అడిగేది అదే. ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే కాగితం కదలదని పుట్టిన పిల్లవాడికీ తెలుసు. నేను నోరు తెరవబోయాను. నాన్న నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

"ఎవరి తాలూకూ కాదండి" అన్నాడు.

"అలా కాదండి, ఎవరో ఒకరు చెప్పి పంపుంటారు కదా?"

"ఎవరూ పంపలేదండి. మేమే వచ్చాం."

ఆ కుర్రాడు మా అందరి ముఖాలూ చూశాడు. వెటకారం లేదు, నిజంగానే జాలిపడ్డాడు. "మరి పనెలా అవుద్దండి?" అన్నాడు.

"అదే చూద్దామని వచ్చామండి" అన్నాడు నాన్న, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.